పిల్లగాడి ఎముకలు గుల్ల చేసే పదమూడు చిట్కాలు

నేను డాక్టర్ని కాను. అందుకే ధైర్యంగా సలహాలిస్తాను. డాక్టరైతే నోరు విప్పే ముందు రక్త పరీక్ష చూడాలి, ఎక్స్‌రే చూడాలి, పిల్లగాణ్ణి నాలుగడుగులు నడిపించి చూడాలి. నాకా తిప్పలు లేవు. భద్రాచలం బస్టాండులో టీ తాగుతూ మొహం చూస్తే చాలు, జబ్బు పేరు, దాని మందు, ఆ మందుకు విరుగుడు కూడా చెప్పేస్తాను. సారపాక నుంచి చర్ల దాకా నా సలహా వినని ఊరు లేదు. ఒకసారి విన్నవాళ్లు మళ్లీ నా దగ్గరికి రాలేదు. అంటే వాళ్ల సమస్య తీరిపోయినట్టే కదా!

ఇవాళ్టి పాఠం బ్లడ్ క్యాన్సర్‌కు మందులు వాడుతున్న పిల్లల ఎముకల గురించి. పిల్లల్లో ఎక్కువగా వచ్చే రకాన్ని ఆసుపత్రిలో ఏఎల్ఎల్ అంటారు. అది పుట్టేదే ఎముక లోపలి మూలుగలో. వైద్యం రెండేళ్ల నుంచి మూడేళ్లు. ఆ కాలమంతా ఎముకకు నాలుగు దిక్కులా శత్రువులే. జబ్బు లోపలి నుంచి తొలుస్తుంది. స్టెరాయిడ్ మాత్ర ఎముకను కట్టే కణాలను నిద్రపుచ్చుతుంది, పేగులో కాల్షియం సరిగా ఎక్కనివ్వదు, ఎక్కినదాన్ని మూత్రంలో పోనిస్తుంది. మెథోట్రెక్సేట్ అనే కీమో మందు దానికి తోడు. కదలిక తగ్గడం, ఎండ సోకకపోవడం మిగతా పని పూర్తి చేస్తాయి. ఇంతమంది కష్టపడుతుంటే మీరు చేయాల్సింది చాలా తక్కువ. అడ్డం పడకుండా పక్కకు తప్పుకోవడమే. ఎలా తప్పుకోవాలో వరసగా చెబుతాను.

1. నొప్పి రాకముందే సాకు సిద్ధం చేసుకోండి

జబ్బు బయటపడక ముందే ఎముక మాట్లాడుతుంది. పిల్లగాడు కాలు నొప్పంటాడు, కుంటుతాడు, రాత్రి నిద్రలేచి ఏడుస్తాడు. కంగారు పడకండి. "ఎదిగే వయసు, ఎముకలు సాగుతున్నాయి" అనండి. ఇంతకన్నా మంచి సాకు ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు. అది పాతబడితే "నిన్న చెట్టెక్కాడుగా" అనండి. అదీ అయిపోతే దిష్టి ఉండనే ఉంది.

కొందరు అతితెలివి గలవాళ్లు తేడా చెబుతారు. ఎదుగుదల నొప్పులైతే రెండు కాళ్లకూ సాయంత్రం పూట వస్తాయట, తెల్లారేసరికి పిల్లలు గంతులేస్తారట. కుంటి నడక, విడవని జ్వరం, పాలిపోయిన మొహం, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు, మెడ కింద గడ్డలు కలిసి ఉంటే వెంటనే రక్త పరీక్ష చేయించాలట. అలాంటివాళ్లతో స్నేహం మానేయండి. రక్త పరీక్ష అంటే ఒక పూట పోతుంది. సాకుకు పూట కూడా పట్టదు.

2. ముందు ఊళ్లో సూది వేయించండి

బ్యాగు తగిలించుకుని బండి మీద వచ్చే ఆర్‌ఎంపీని పిలవండి. ఆయన జేబులో ఒక మాయ సూది ఉంటుంది. పేరు అడగొద్దు, అడిగితే చిన్నబుచ్చుకుంటాడు. అది వేసిన మర్నాడే జ్వరం దిగుతుంది, నొప్పి పోతుంది, పిల్లగాడు లేచి అన్నం అడుగుతాడు. చాలాసార్లు ఆ సూది స్టెరాయిడే. లుకేమియా అనే ఈ బ్లడ్ క్యాన్సర్ వైద్యంలో మొదట వాడేదీ అదే జాతి మందు. అంటే మీరు వంద రూపాయల్లో క్యాన్సర్ వైద్యం ప్రారంభించినట్టే లెక్క!

ఇందులోని అసలు లాభం వినండి. ఒక్క సూదితో జబ్బు చావదు, దాక్కుంటుంది. తర్వాత పెద్దాసుపత్రిలో పరీక్ష చేసినా సరిగా దొరక్కపోవచ్చు. అది ఎంత ముదిరిందో అంచనా తప్పుతుంది. నిర్ధారణ వారాలు వెనక్కి పోతుంది. ఈలోగా మూలుగలో దాని పని అది చేసుకుంటుంది. దాగుడుమూతలంటే ఇష్టపడే కుటుంబాలకు ఇది తిరుగులేని చిట్కా.

3. రెండు డెక్సాలనూ ఒకటే అనుకోండి

వైద్యంలో రెండు డెక్సాలున్నాయి. ఒకటి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మందు. రెండోది ఎముక సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్. ఒక డెక్సా ఎముకను తింటుంది, ఇంకో డెక్సా ఎంత తిన్నదో లెక్క చెబుతుంది. డాక్టరు రెండోదాని పేరు ఎత్తగానే మీరు "మొన్ననే వాడాం సార్, వాంతులయ్యాయి" అనేయండి. గందరగోళంలో స్కాన్ ఎగిరిపోతుంది.

నడుం నొప్పికి వెన్ను ఎక్స్‌రే రాస్తే అదీ ఎగ్గొట్టండి. కెనడాలో కొత్తగా ఏఎల్ఎల్ బయటపడ్డ 186 మంది పిల్లల వెన్నును పరీక్షించి 2009లో ఫలితాలు ప్రచురించారు. 29 మందికి అప్పటికే వెన్నుపూసలు నలిగి ఉన్నాయి. అంటే వైద్యం మొదట్లోనే ఆరుగురిలో దాదాపు ఒకరికి. వాళ్లలో కొంతమంది నడుం నొప్పి అని కూడా చెప్పలేదు. చూశారా, వెతికితేనే దొరుకుతాయి. వెతక్కపోతే మన పిల్లగాడి వెన్ను భేషుగ్గా ఉన్నట్టే.

4. బుగ్గలు చూసి మురిసిపోండి

స్టెరాయిడ్ మొదలైన రెండు మూడు వారాల్లో మొహం గుండ్రంగా పౌర్ణమి చంద్రుడిలా అవుతుంది. పొట్ట ముందుకొస్తుంది. అర్ధరాత్రి లేచి అన్నం అడుగుతాడు. బంధువులను పిలిచి చూపించండి. "ఏం బలం పట్టాడే మరదలా!" అని మేనత్త అనాలి. ఆ మాటతో ఇంట్లో అందరూ జబ్బు తగ్గిందని తీర్మానించాలి.

ఆ బుగ్గల వెనక తొడ కండ కరిగిపోతుంటుంది, కండతో పాటు ఎముక పలచబడుతుంటుంది. అది బట్టల కింద కనబడదు కాబట్టి లెక్కలోకి రాదు. ఆకలి వేసినప్పుడల్లా చిప్స్ పొట్లం, అప్పడం, ఊరగాయ, కూల్‌డ్రింకు. ఉప్పు ఎంత ఎక్కువ తింటే కాల్షియం అంత ఎక్కువగా మూత్రంలో పోతుందంటారు. పోతే పోనీ, చిప్స్ పొట్లం చేతిలో ఉన్నంతసేపు పిల్లగాడు ఏడవడు కదా.

5. ఇంట్లో ఉన్నదాన్ని తినిపించకండి

పెరట్లో మునగ చెట్టుంటే దాని ఆకు మేకలకు వేయండి. రాగులు పాత కాలం తిండి అని అమ్మేయండి. నువ్వులు సంక్రాంతికి తప్ప ముట్టకండి. గోదారి చిన్న చేపలు ముల్లుతో సహా నమిలే పిల్లగాణ్ణి "నక్క బుద్ధి" అని వెక్కిరించండి.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లకు వేరే పని లేక 2017లో దేశంలోని తిండి పదార్థాలను కొలిచి పుస్తకం వేశారు. 100 గ్రాముల రాగుల్లో 360 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉందట. నువ్వుల్లో 1,200 దాటిందట. ఏడేళ్ల నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు రోజుకు కావలసింది 650 మిల్లీగ్రాములట. అంటే ఒక గ్లాసు రాగి జావ, రెండు గ్లాసుల మరిగిన పాలు, ఒక నువ్వుల ఉండతో లెక్క దాదాపు సరిపోతుంది. ఖర్చు చిప్స్ ఖర్చు కన్నా పెద్ద ఎక్కువేం కాదు. ఇంత సులభమైన పని చేస్తే మన గొప్పేముంది? అప్పు చేసి టీవీలో చూపించే డబ్బా పొడి కొనండి. డబ్బాను అందరికీ కనబడేలా అల్మారాలో పెట్టండి.

ఒకవేళ పాలు తాగించక తప్పకపోతే, పితికిన పాలు పితికినట్టే పచ్చివి తాగించండి. కీమోతో తెల్ల కణాలు పడిపోయిన పిల్లగాడికి పచ్చిపాలలోని క్రిములు ఏం చేస్తాయో చెబితే మీ ఉత్సాహం తగ్గుతుంది. అందుకే చెప్పను.

6. ఎండతో అయితే తగువు, లేకపోతే పెళ్లి

కొత్తగూడెం గనుల మీద కాసే ఎండలో సగం చాలు, దేశానికంతా డి విటమిన్ పంచొచ్చు. అయినా మన పిల్లలకే అది తక్కువ. ఎలా సాధించామో తెలుసా? తలుపులు మూసి. ఇన్ఫెక్షన్ వస్తుందని చెప్పి కిటికీకి దుప్పటి కట్టండి. ఆరు నెలలు అలాగే ఉంచండి.

ఆరు నెలల తర్వాత ఎవరో "ఎండ తగలాలి" అంటారు. అప్పుడు మే నెల మిట్టమధ్యాహ్నం, నెత్తిన గుడ్డ లేకుండా, తునికాకు ఆరేసే కల్లం దగ్గర కూర్చోబెట్టండి. మెథోట్రెక్సేట్ గానీ ఇన్ఫెక్షన్ రాకుండా ఇచ్చే కోట్రైమాక్సజోల్ గానీ వాడేవాళ్ల చర్మం ఎండకు తొందరగా కమిలిపోతుంది. ఈ రెండింటికీ మధ్య టోపీ పెట్టి, చేతులకూ కాళ్లకూ కొద్దిసేపు ఎండ తగలనిచ్చి, మళ్లీ నీడలోకి తీసుకురావడం అనే మధ్యేమార్గం ఒకటుంది. ఎంతసేపో మీ డాక్టరు చెబుతారు. మధ్యేమార్గాలు మన ఇంటా వంటా లేవు.

7. వారానికి ఒకటి అంటే రోజుకు ఒకటి అని చదవండి

డి విటమిన్ పొడి ఒక్కో పొట్లంలో 60,000 యూనిట్లుంటుంది. పరీక్ష చేసి తక్కువైతే సాధారణంగా వారానికి ఒకటి చొప్పున కొన్ని వారాలు రాస్తారు. మీరు తెలివైనవాళ్లు. వారంలో తగ్గేది రోజూ వేస్తే రేపే తగ్గుతుంది. రుచి కూడా బాగుంటుందిగా, తమ్ముడికీ ఒకటి పెట్టండి.

డి విటమిన్ నీళ్లలో కరిగి బయటికి పోయే రకం కాదు, ఒంట్లోనే పేరుకుంటుంది. మోతాదు దాటితే రక్తంలో కాల్షియం పెరుగుతుంది. వాంతులు, మలబద్ధకం, అతిదాహం, మగత, కిడ్నీల్లో రాళ్లు. అవన్నీ కీమో వల్లే వచ్చాయని డాక్టరును తిట్టొచ్చు. ఒక దెబ్బకు రెండు పిట్టలు.

8. మంచం, సెల్‌ఫోను: ఇవే వైద్యం

"పాపం, ఒంట్లో బాగాలేదు, లేపకండి." ఈ ఒక్క మాటను ఇంటి చట్టం చేయండి. నీళ్లు మంచం దగ్గరికే, అన్నం మంచం దగ్గరికే, ఫోను ఎలాగూ చేతిలోనే. కంటి ముందు బొమ్మలు పరుగెత్తుతుంటే కాళ్లు పరుగెత్తాల్సిన పనేముంది?

ఎముకది విచిత్రమైన స్వభావం. బరువు పడితేనే గట్టిపడుతుంది. పని లేని ఎముకను ఒళ్లు పట్టించుకోదు, అందులోని సున్నం కరిగించి పంపేస్తుంది. అంతరిక్షంలోకి వెళ్లొచ్చినవాళ్ల ఎముకలు పలచబడేది ఇందుకే. రాకెట్టు టికెట్టు లేకుండానే మీ పిల్లగాడికి ఆ అనుభవం మంచం మీదే దొరుకుతుంది. జ్వరం లేని రోజు, రక్తకణాలు సరిపడా ఉన్న రోజు వాకిట్లో పది నిమిషాలు నడిపించమని, మెట్లెక్కించమని ఫిజియోథెరపిస్టు చెబితే తలూపి వచ్చేయండి. తలూపడం కూడా వ్యాయామమే.

9. మడమల మీద నడిపించి చూడకండి

విన్‌క్రిస్టిన్ అనే మందు నరాల మీద పనిచేస్తుంది. పాదం ముందు భాగం పైకి లేవదు. చెప్పు జారిపోతుంటుంది, నడుస్తుంటే కాలి వేలు నేలకు తగులుతుంటుంది. ఇది కనిపెట్టడానికి యంత్రాలక్కర్లేదు. "ఏదీ నాన్నా, వేళ్లు పైకెత్తి మడమల మీద నాలుగడుగులు వెయ్యి" అంటే చాలు. వెయ్యలేకపోతే విషయం తెలిసిపోతుంది. అప్పుడు డాక్టరుకు చెప్పాలి. ఆయన మోతాదు చూడాలి, పాదానికి ఆసరా పట్టీ రాయాలి. ఎంత పని! అసలు నడిపించకపోతే ఇదేదీ ఉండదు కదా.

బదులుగా "సరిగ్గా నడవరా, సోమరిపోతా" అని గదమండి. ఇల్లు కూడా సిద్ధం చేయండి. బోరింగు దగ్గర పాచి పట్టిన బండ అలాగే ఉంచండి. గడప దగ్గర రోకలి అడ్డంగా పడుకోబెట్టండి. రాత్రి దీపం ఆర్పేయండి. పలచబడ్డ ఎముకకు చెట్టు మీంచి పడనక్కర్లేదు, గడప తట్టుకున్నా చాలు.

10. నొప్పికి కిరాణా కొట్టు మాత్ర, కట్టు, తైలం

నొప్పి వచ్చిందా, అంగట్లో చిల్లర బదులు ఇచ్చే నొప్పి మాత్ర వేయండి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి ప్లేట్‌లెట్లు తక్కువున్న పిల్లగాడికి రక్తస్రావం తెస్తాయి. మెథోట్రెక్సేట్‌తో కలిస్తే కిడ్నీలను దెబ్బతీస్తాయి. పిరుదుకు సూది వేస్తే లోపల రక్తం గడ్డకట్టి కోడిగుడ్డంత వాపు రావచ్చు. ఈ మాటలు మాత్ర వెనకున్న రేకు మీద మన భాషలో రాయలేదు కాబట్టి మీ తప్పేం లేదు.

తర్వాత కట్టు వైద్యం. కాలు పట్టి గట్టిగా లాగించండి, నడుం మీద మోకాలితో తొక్కించండి, వేడి తైలంతో రుద్దించండి. విరగని ఎముక అప్పుడు విరుగుతుంది. విరిగాక కట్టు కట్టడానికి ఆయన ఎలాగూ పక్కనే ఉన్నాడు.

11. ఆడపిల్ల అయితే నోరు మూయించండి

పదేళ్లు దాటిన పిల్లల్లో స్టెరాయిడ్ వల్ల ఇంకో ముప్పు. తుంటి, మోకాలి కీళ్లలో ఎముక చివరికి రక్తం అందక ఆ ముక్క చచ్చిపోవడం. తమాషా ఏమిటంటే తుంటి చెడితే నొప్పి ఒక్కోసారి మోకాలిలో తెలుస్తుంది. కాబట్టి మోకాలికి నూనె రాయించి తుంటిని మరిచిపోవచ్చు. మొదట్లో ఎక్స్‌రేలో ఏమీ కనబడదు, ఎమ్మారై తీస్తే కనబడుతుంది. ఎక్స్‌రే చూసి "అంతా బాగుంది" అని తీర్పు చెప్పి ఇంటికొచ్చేయండి.

పన్నెండేళ్ల పిల్ల బాసింపట్టు వేసి కూర్చోలేకపోతుంటే, లేచేటప్పుడు గోడ పట్టుకుంటుంటే, "నలుగురిలో కుంటకే, రేపు సంబంధం ఎవరు చేసుకుంటారు?" అనండి. పిల్ల వెంటనే కుంటడం మానేస్తుంది. నొప్పి మానదు, చెప్పడం మానుతుంది. పిల్లకు అణకువ నేర్పినట్టూ అవుతుంది, ఆసుపత్రి ఖర్చూ తప్పుతుంది. మొదట్లోనే చెప్పి ఉంటే గెంతులు మాన్పించి, కాలి మీద బరువు తగ్గించి, స్టెరాయిడ్ విషయం డాక్టర్లు ఆలోచించి కీలును కాపాడే వీలుండేది. ఇరవై ఏళ్లకే తుంటి మార్పిడి చేయించుకున్న పెళ్లికూతురు మన ఇంట్లో ఉండటం కూడా ఒక ప్రత్యేకతే.

12. ఎముకలు కాపాడే పేరుతో మందే మానేయండి

ఇదే అన్నింటికీ రారాజు. ఇంతసేపూ స్టెరాయిడ్ ఎముకను తింటుందని నేనే చెప్పానుగా. మరి మాత్ర ఆపేస్తే ఎముక మిగులుతుంది! లెక్క బ్రహ్మాండంగా ఉంది. ఒక్కటే లోటు, ఆ ఎముక వాడుకోవడానికి పిల్లగాడు మిగలడు. స్టెరాయిడ్‌ను ఉన్నపళంగా ఆపితే ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ ఇంకా మేలుకోక పిల్లగాడు కుప్పకూలవచ్చు. మిగతా మందులు ఆపితే జబ్బు తిరగబెడుతుంది, రెండోసారి మొదటిసారంత తేలిగ్గా లొంగదు.

మెథోట్రెక్సేట్‌ను తిట్టేటప్పుడు కాస్త చుట్టుపక్కల చూసుకోండి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా వెళ్లి లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన పరిశోధనలోంచి వచ్చిన మందు అది. దానికి అక్కలాంటి అమినాప్టెరిన్‌తోనే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 1948లో లుకేమియా పిల్లలకు తొలిసారి కొన్ని నెలల ఊరట చూపించాడు. అంతకు ముందు ఈ జబ్బు వస్తే వారాలు లెక్కపెట్టుకోవడమే. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు పోయాడు. ఎముక ఏ ధాతువుతో గట్టిపడుతుందో ఆ భాస్వరాన్ని రక్తంలో కొలిచే పద్ధతి కూడా 1925లో ఫిస్క్‌తో కలిసి ఆయన చెప్పిందే. జబ్బును తరిమే మందూ మనవాడిదే, ఎముకను పరీక్షించే లెక్కా మనవాడిదే. అయినా మనకు బస్టాండులో దొరికే సలహాయే గొప్ప.

మానేయడానికి సాకులు కావాలా? మీ ప్రాంతంలో కరువేముంది! మార్చిలో ఇప్పపువ్వు, ఆ వెంట శ్రీరామనవమి రద్దీ, ఆపైన తునికాకు, వానొస్తే వాగు పొంగింది, మధ్యలో ఒక జాతర. హైదరాబాదు మూడొందల కిలోమీటర్లకు పైనే. ఆరోగ్యశ్రీ ఉందని, 2023 డిసెంబరు నుంచి దాని హద్దు 10 లక్షల రూపాయలని, తల్లికి ఎక్స్‌ప్రెస్ బస్సులో టికెట్టు డబ్బులు అక్కర్లేదని, క్యాన్సర్ రోగికి రైలు స్లీపర్‌లో చార్జీ లేదని, తోడు వచ్చే ఒకరికి నాలుగో వంతు కడితే చాలని, రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉందని ఎవరైనా అంటే మాట మార్చండి. "భద్రాచలం రోడ్ స్టేషను భద్రాచలంలో లేదుగా, కొత్తగూడెంలో కదా ఉంది!" అనండి. నలభై కిలోమీటర్ల ఈ తేడా మీద గంటసేపు వాదించవచ్చు. ఈలోగా రైలు వెళ్లిపోతుంది.

13. వైద్యం అయిపోయాక ఫైలు పొయ్యిలో పెట్టండి

జుట్టు మళ్లీ వచ్చింది, బడికి పోతున్నాడు. ఇక ఆ ఫైలెందుకు? ఎన్ని డోసుల స్టెరాయిడ్ పడింది, ఎప్పుడు ఏ మందు ఇచ్చారు అన్న లెక్కలతో పనేమిటి? మనిషి జీవితానికి కావలసిన ఎముక బలంలో చాలా భాగం ఇరవై ఏళ్ల లోపే గాదెలో పోసుకుంటాడు. మీవాడి గాదె నిండే వయసులో మూడేళ్లు కరువు పడింది. తర్వాత ఎత్తు కొలవడం, నడక చూడటం, డి విటమిన్ పరీక్ష, ఏడాదికోసారి డాక్టరుకు చూపించడం మొదలుపెడితే ఆ లోటు చాలావరకు పూడిపోయే ప్రమాదం ఉంది. జాగ్రత్త.

చివరగా ఒక చెడ్డ ఉదాహరణ

ఇన్ని మంచి మాటలు చెప్పినా వినని మనిషి ఒకావిడ దొరికింది. దుమ్ముగూడెం వైపు కోయ గూడెం. కొడుక్కి ఎనిమిదేళ్లు. హైదరాబాదు బస్సు కోసం కూర్చుంటే పక్కన చేరి నా పద్ధతిలో అడిగాను, "ఏమ్మా, ఎదుగుదల నొప్పులేనా?" అని. ఆవిడ సంచిలోంచి రెండొందల పేజీల బడి నోటుబుక్కు తీసింది. చదువు మూడో తరగతితో ఆగిందట. అందుకే మాటలు తక్కువ, గుర్తులు ఎక్కువ. మాత్ర వేసిన రోజు గుండ్రటి సున్నా. నొప్పి అన్న రోజు అడ్డగీత. ఎక్కడ నొప్పో తెలియడానికి పక్కన చిన్న మనిషి బొమ్మ, బొమ్మ మీద చుక్క. ఒక పేజీలో వరసగా నాలుగు రోజులు చుక్క నడుం మీదే పడింది. ఐదో రోజు ఆవిడ బస్సెక్కింది. ఎక్స్‌రేలో ఒక వెన్నుపూస నలిగి కనబడిందట.

"ఎలా కనిపెట్టావు?" అన్నాను.

"కనిపెట్టేదేముంది అన్నా, వాడే చెప్పాడు" అంది.

ఇంట్లో గుమ్మానికి బొగ్గుతో నెలనెలా ఎత్తు గీత గీస్తుందట. జావలో మునగాకు కలుపుతుందట. బండ మీది పాచి తానే గీకిందట. మాట్లాడుతూనే పిల్లగాణ్ణి లేపి ప్లాట్‌ఫారం మీద మడమలతో నడిపించింది. వాడు రెండు చేతులూ చాపి, కొంగలా తూలుతూ, అరుగు చివరి దాకా వెళ్లి తిరిగొచ్చాడు. నా టీ చల్లారిపోయింది.

ఇలాంటివాళ్ల వల్లే నా వృత్తి దెబ్బతింటోంది. వాడి వైద్యం పూర్తయిందని, గుమ్మం మీద గీతలు మళ్లీ పైకి పాకుతున్నాయని ఈ మధ్యే తెలిసింది. ఎదిగే పిల్లల్లో నలిగిన వెన్నుపూస కూడా మళ్లీ ఆకారం తెచ్చుకోగలదట. మంచి వైద్యం చివరిదాకా అందిన దేశాల్లో ఏఎల్ఎల్ పిల్లలు పదిమందికి దాదాపు తొమ్మిది మంది బతుకుతున్నారట. ఆవిడ నా పదమూడు చిట్కాల్లో ఒక్కటీ పాటించలేదు.

ఇక వేళాకోళం చాలు. మందు మీ అంతట మీరు ఆపకండి, మీ అంతట మీరు కలపకండి. పిల్లలు నొప్పి అంటే నమ్మండి, ఎక్కడో అడగండి, రాసి పెట్టుకోండి, వైద్యం చేస్తున్న డాక్టరుకు ఆ రోజే చెప్పండి. బస్టాండులో ఎవరైనా పక్కన చేరి ఉచితంగా సలహా ఇవ్వబోతే, లేచి మీ బస్సెక్కండి.